సాల్మన్ ఊదిన దుమ్ము

సాల్మన్ కంప్యూటర్ డబ్బా పక్క రేకు విప్పి, పెయింటు బ్రష్షుతో లోపలి మూలలు దులుపుతున్నాడు. బ్రష్షు దూరని సందుల్లో నోటితో ఊదుతున్నాడు. ఎర్రటి దుమ్ము లేచి కళ్ళలో పడింది, వెంటనే దగ్గుతెర వచ్చింది. గోడ పట్టుకుని, అది తగ్గేదాకా ఒంగి నిలబడి, మళ్ళీ ఊదాడు.

గుంటూరు మిర్చి యార్డులో ఏది చెడినా తప్పు మిరప దుమ్ముదే. ఫ్యాను ఆగినా దుమ్మే, గడియారం ఆగినా దుమ్మే, అల్లుడు అలిగినా దుమ్మే. నాగేంద్రబాబు గారి కమిషన్ కొట్లో కంప్యూటర్ ఉన్నట్టుండి నీలం తెర చూపించి ఆగిపోవడం మొదలైనప్పుడు, రిపేర్లు చేసే ఇలియాస్ వచ్చి రేకు విప్పాడు. లోపల ఎర్రగా పేరుకున్నది చూసి, "దుమ్మన్నా, రోజూ తుడుచుకో" అని చెప్పి వెళ్ళాడు. అప్పటినుంచి గుమాస్తా సాల్మన్‌కి పొద్దున్నే మొదటి పని ఇదే.

కంప్యూటర్లోంచి లేచిన దుమ్ము ఎక్కడికి పోతుందో ఎవరూ ఆలోచించలేదు. అతని చొక్కా వదులైపోయింది. నాలుగడుగులు గట్టిగా వేస్తే ఛాతీలో పిల్లికూతలు. మానెయ్యమని భార్య రెబ్కా ఏడ్చింది. మానేస్తే ఈ ఊపిరితో ఇంకెవరు పనిస్తారన్నదే అతని భయం. నిన్న నాగేంద్రబాబు గారు ఆ భయాన్ని ఖాయం చేశారు కూడా.

"ఇంకొక్కసారి ఆగిందంటే వేరేవాణ్ణి చూసుకుంటా సాల్మన్. రైతులు మీద పడుతున్నారయ్యా."

మధ్యాహ్నానికి బేరాలు ముగిశాయి. ఎంత సరుకు ఎంతకి పోయిందో రాసిచ్చే అమ్మకం పట్టీల కోసం రైతులు కిటికీ దగ్గర మూగారు. సాల్మన్ సగం పట్టీలు కొట్టాడో లేదో తెర నీలంగా మారింది.

"ప్రభువా" అన్నాడు. నాగేంద్రబాబు గారు కొత్తవాడి కోసం ఫోను తీసుకుని బయటికి నడిచారు. తిట్టినా బాగుండేది.

ఇలియాస్ వచ్చేసరికి సాల్మన్ కళ్ళలో నీళ్ళున్నాయి.

"ఒరేయ్ ఇలియాసూ, ఇందాకేగా తుడిచా! ఇంకేం తుడవమంటావురా? యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చినప్పుడు దీన్ని తుడవనన్నా లేదు. రోజూ వచ్చి ఏవో కాసిని లెక్కలు కొట్టుకునేవాణ్ణి. అప్పుడొక్కనాడూ ఆగలేదు."

ఇలియాస్ స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. "తుడవకపోయినా ఆగలేదా?"

"లేదు."

ఇలియాస్ పెన్‌డ్రైవ్ పెట్టి మెమరీ పరీక్ష నడిపించాడు. చాలాసేపటికి తెర మీద తప్పులు చూపించే ఎర్ర గీతలు వరసగా దిగాయి. లోపలున్న రెండు మెమరీ పలకల్లో ఒకటి తీసి మళ్ళీ నడిపితే గీతలు లేవు. తీసినదాన్ని ఒక్కదాన్నే పెడితే మళ్ళీ వచ్చాయి.

"ఇదే చెడిందన్నా. పని తక్కువుంటే ఆ చెడిన చోటిదాకా పోదు. సీజన్లో మెమరీ నిండుద్ది, అక్కడికి పోయి ఆగుద్ది."

"మరి దుమ్ము?"

ఇలియాస్ తల దించుకున్నాడు. "దుమ్ము కాదన్నా. సీజన్లోనే దుమ్మెక్కువ, అప్పుడే ఆగుతుంటే నేనే అట్టా అనుకున్నా."

"మరి నేను ఊదిందంతా ఎందుకురా?"

ఇలియాస్ చెడినదాన్ని తీసి కీబోర్డు పక్కన పెట్టి, మంచిదాన్ని బిగించాడు. సాల్మన్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు ఎంతకీ ఆగలేదు. తెరిపిన పడ్డాక కుర్చీ లాక్కుని మిగిలిన పట్టీలన్నీ కొట్టాడు. కంప్యూటర్ ఒక్కసారి కూడా మొరాయించలేదు.

నాగేంద్రబాబు గారు లోపలికి తొంగి చూశారు. "ఆ కొత్తవాణ్ణి రావద్దని చెప్పేశాలే. నువ్వే ఉండు."

"అట్టాగేనండి. కాసేపు నడుం వాలుస్తానండి" అని సాల్మన్ బస్తాలకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఉద్యోగం నిలబడిందన్న మాట రెబ్కాకి ఇంకా చెప్పలేదు.

సాయంత్రం బిల్లు కోసం వచ్చిన ఇలియాస్, సాల్మన్ భుజం తట్టి లేపబోయాడు. ఇంకోసారి తట్టాడు. తర్వాత చల్లబడ్డ ఒంటి మీంచి చెయ్యి వెనక్కి తీసుకుని, అక్కడే నేల మీద కూలబడ్డాడు.

రెబ్కా ఆటోలో వచ్చింది. హమాలీలు అతన్ని ఎత్తుకుని వెళ్ళాక గదిలో ఎవరూ మిగల్లేదు. కీబోర్డు పక్కన ఇలియాస్ తీసిపెట్టిన మెమరీ పలక అలాగే ఉంది, వేలెడు పొడవున, ఆకుపచ్చగా, శుభ్రంగా.