ఆవిణ్ణి అడుగుతున్నాను

పెళ్లికొడుకు చొక్కా ఇస్త్రీ చేస్తూ ఆవిడ తనలో తాను నవ్వుకుంది. పెళ్లికొడుక్కి యాభై అయిదు దాటాయి. పక్క గదిలో కళ్లజోడు కనపడక ఇల్లెగిరిపోయేలా అరుస్తున్నాడు. పిల్లలిద్దరి పెళ్లిళ్లూ అయ్యాక ఇవాళ వీళ్ల పెళ్లి రిజిస్ట్రేషన్! కాపురానికి వచ్చిన కొత్తలో తనే అడిగింది, మన పెళ్లి ఆఫీసులో నమోదు చేయించుకుందామండీ అని. "మన పెళ్లికి గవర్నమెంటు సర్టిఫికెట్ ఎందుకే, నేను చాలనా?" అన్నాడు. ఆ మాటకి మురిసిపోయింది కూడా, పిచ్చిమొహం. మొన్న పిన్ని పోతూ పోతూ తన రెండు గదుల ఇల్లు ఈవిడ పేర వీలునామా రాసింది. ఆయన బట్టల కొట్టేమో పీకల్దాకా అప్పుల్లో ఉంది. ఆ ఇల్లు తాకట్టు పెట్టి మొగుడూ పెళ్లాల పేర లోను కావాలంటే పెళ్లి సర్టిఫికెట్ తెమ్మంది బ్యాంకు. అంతే, ఆయనకి ప్రభుత్వం మీద ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది.

సాక్షి సంతకానికి అత్తగారూ రిజిస్ట్రారాఫీసుకి వచ్చింది. రిజిస్ట్రారు చిన్న వయసు అమ్మాయి. కాగితాలన్నీ చూసి, "ఈ పెళ్లి మీ ఇద్దరికీ ఇష్టమేనాండీ?" అని అడిగింది.

"ఇష్టమేనమ్మా," అన్నాడాయన.

"మీరు చెప్పారు, సరే. ఆవిణ్ణి అడుగుతున్నాను."

"దానికీ ఇష్టమే."

"ఆవిడే చెప్పాలండీ. రూలు."

"ఇదెక్కడి చోద్యం!" అత్తగారు అందుకుంది. "ఇష్టం లేకుండానే ముప్పై ఏళ్లు వండిపెట్టిందా?"

ఆవిడకి తన పెళ్లి రోజులు గుర్తొచ్చాయి. పెళ్లి కుదిరినప్పుడు అబ్బాయిని అడిగారు, అబ్బాయి తల్లిని అడిగారు, ఆ రోజు ఖాళీయేనా అని ఫోటోగ్రాఫర్‌నీ అడిగారు. తనని మాత్రం ఏ రంగు చీర అని కూడా అడగలేదు. ఉద్యోగం మానెయ్యమన్నప్పుడూ అంతే, కొట్టు లెక్కలు నెత్తిన పెట్టినప్పుడూ అంతే. ఇన్నాళ్లకి మొహమైనా తెలియని ప్రభుత్వం, చేతిలో పెన్ను పట్టుకుని, తన జవాబు కోసం కాచుకుని కూర్చుంది. ముందు ఏడుపొచ్చింది, తర్వాత సిగ్గేసింది, ఆ వెనకే తనకే భయం వేసేంత కోపం వచ్చింది.

"ఆలోచించుకోవచ్చా అమ్మా?"

"నిక్షేపంగా. ఇంకో రోజు రండి."

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "కొత్తగా ఆలోచించేదేంటే? అసలెక్కడ కూర్చుని ఆలోచిస్తావ్? ఇంటి దగ్గర బోలెడు పనుంది!"

"అందుకేనండీ," సంచిలో తాళంచెవి వెతుక్కుంటూ అందావిడ. "పిన్ని ఇంట్లో కూర్చుని ఆలోచిస్తాను."