గణపతి గొంతు

గణపతి మొదటిసారి మైకు పట్టుకున్నది నవ్వించడానికి కాదు. అప్పుడతను హైదరాబాద్‌లో ఒక హోటల్లో పనిచేస్తున్నాడు. దగ్గర్లోని కాఫీ షాపులో ఆదివారం మధ్యాహ్నాలు ఎవరైనా వచ్చి అయిదు నిమిషాలు మాట్లాడొచ్చని విని వెళ్లాడు. చదివింది హిందీ బడిలో కాబట్టి గోడమీది తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటుంటే పక్కనున్న మనిషి చదివి పెట్టాడు: 'మీ కథ చెప్పండి.' తన కథంటే నాన్న కథే అనుకున్నాడు గణపతి.

వాళ్లది అండమాన్‌లోని మాయాబందర్. నాన్న జోగులు సోంపేట వైపు నుంచి అక్కడికి వెళ్లి చేపల వేట చేసుకుని బతికాడు. పడవకి పాత ఇంజనొకటి ఉందంటే చూడ్డానికి దూరాన ఇంకో దీవిలో ఉన్న హట్‌బే వెళ్లాడు. అక్కడున్నప్పుడే, ఆదివారం పొద్దున్నే, సునామీ వచ్చింది. గణపతికప్పుడు తొమ్మిదేళ్లు. అమ్మ తవిటమ్మ అతన్నీ, అక్క సాయిలక్ష్మినీ వెంటబెట్టుకుని రోజూ జెట్టీకి వెళ్లేది. అక్కడ బల్ల వేసుకుని కూర్చున్న గుమస్తా ఓడల్లో వచ్చినవాళ్ల జాబితా తిరగేసి, "కల్ కే జహాజ్ మే" అనేవాడు. హిందీలో నిన్నా కల్లే, రేపూ కల్లే.

"మా అమ్మకి హిందీ థోడా థోడా వస్తాది," అని మైకులో చెప్పాడు గణపతి. "భయ్యా, నిన్నటి ఓడలో వచ్చీసినాడా, రేపటి ఓడలో వస్తాడా, జర సోచ్ కే చెప్పండి అని అడిగింది. ఆయన బాగా ఆలోచించి చెప్పినాడు. కల్."

జనం విరగబడి నవ్వారు. గణపతి ఆగిపోయి, చొక్కా గుండీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకున్నాడు. దానికీ నవ్వారు.

ఆ కార్యక్రమం నడిపిస్తున్న ఉదయ్‌కుమార్ వచ్చి భుజం తట్టాడు. "వచ్చే ఆదివారం కూడా రా."

"అది జోకు కాదు సార్. మా నాన్న ఏ ఓడలోనూ రాలేదు."

"ఆ మొహమే. దాన్ని మాత్రం మార్చకు," అన్నాడు ఉదయ్‌కుమార్.

మూడేళ్లు అదే చెప్పాడు గణపతి. హోటల్ పని మానేశాడు. ఇతర ఊళ్లకీ పిలిచారు. నవ్వినవాళ్లు చెడ్డవాళ్లు కారు. కొందరు తర్వాత వచ్చి, అమ్మ బాగుందా అని అడిగేవారు. అంతకన్నా అర్థంకానిది ఇంకొకటి ఉంది. 'కల్' అన్నచోట ఎప్పుడైనా నవ్వు రాకపోతే అతనికి బాధేసేది.

తర్వాత సినిమాలు. వాచ్‌మన్‌గా, బిర్యానీ సెంటర్లో సర్వర్‌గా నాలుగు చిన్న వేషాలు. అయిదోదానికి దర్శకుడు చలపతి పిలిచి, తుపానులో తమ్ముణ్ణి పోగొట్టుకుని వెతుక్కునే జాలరి పాత్ర ఇచ్చాడు. భీమిలి ఒడ్డున ఆ సీను తీసేటప్పుడు ఎవరూ నవ్వలేదు. లైట్లవాళ్లలో ఒకాయన మొహం తిప్పుకున్నాడు. ఆ సాయంత్రం గణపతి కడుపునిండా తిన్నాడు.

విడుదలకి ముందు సినిమా చూపించారు. తెరమీద తన నోరు తెరుచుకుంది. లోపల్నించి ఇంకెవరి గొంతో వచ్చింది.

"నీ గొంతు వింటే జనం నవ్వేస్తున్నారు గణపతీ," అన్నాడు చలపతి. "కొంతమందికి వేసి చూశాం. ఏడుపు సీనులో కూడా నవ్వారు. అందుకే డబ్బింగ్ చెప్పించాం."

"ఏడ్చింది నేనే గదా సార్."

"నువ్వే. కాదని ఎవరన్నారు?"

సినిమాకి మంచి పేరొచ్చింది. గొంతులో ఎంత దుఃఖం పలికించాడో అని రాశారు. ఎవరు పొగిడినా గణపతి చేతులు జోడించేవాడు. ఎవరి తరఫున జోడిస్తున్నాడో అతనికే తెలిసేది కాదు.

టీవీలో వేసే రోజుకి అండమాన్ తిరిగొచ్చి ఆస్టినాబాద్‌లో అక్క ఇంటికి వెళ్లాడు. అమ్మ ఇప్పుడు అక్కడే ఉంటోంది. ముగ్గురూ కూర్చుని చూశారు. ఒడ్డున ఏడ్చే సీను అవగానే తవిటమ్మ టీవీ దగ్గరికి జరిగింది.

"అచ్చం మీ అయ్య గొంతే," అంది.

"కాదమ్మా," అంది సాయిలక్ష్మి. "అయ్యది బొంగురు గొంతు."

"చిన్నపిల్లవి, నీకేటి తెల్సు?"

"నాకప్పుడు పదమూడేళ్లు."

ఇద్దరూ గణపతి వైపు చూశారు. అతను గుర్తు తెచ్చుకోబోయాడు. నాన్న చేతులు గుర్తున్నాయి, లుంగీ రంగు గుర్తుంది. గొంతు మాత్రం గుర్తు రాలేదు. ఎంత వెతికినా టీవీలో విన్నదే వినబడుతోంది.

మర్నాడు నంబరు సంపాదించి, డబ్బింగ్ చెప్పిన మల్లేశుకి ఫోన్ చేశాడు. ఆయనది కళింగపట్నం. గణపతి స్పీకరు పెట్టి, మా అమ్మ వింటోంది, ఏదైనా మాట్లాడండి అన్నాడు. మల్లేశు తడబడ్డాడు. ఏం చెప్పాలో తెలియక, ఇవాళ ఇంట్లో వంకాయ కూర వండారని చెప్పాడు. తవిటమ్మ శ్రద్ధగా వింది.

ఫోన్ పెట్టేశాక, "ఈయన కాదు," అంది. "సినిమాలో మాత్రం మీ అయ్యే."

"ఇద్దరూ ఒకరే అమ్మా."

"అదెలాగవుతాది?" అందామె.

ఆ వారంలోనే చలపతి ఫోన్ చేశాడు. ఇంకో పెద్ద పాత్ర ఉంది. ఈసారి కావాలంటే గణపతి గొంతే ఉంచుతాడట, జనం అలవాటు పడతారేమో చూద్దామన్నాడు. సినిమా చూసిన రోజు నుంచీ గణపతి అడగాలనుకున్నది అదే. కానీ వెంటనే సరే అనలేక, అమ్మ దగ్గరికి వెళ్లి చెప్పాడు.

తవిటమ్మ టీవీ వైపు చూసింది. "నీ గొంతెట్టుకో," అంది. "ఒక్క సీనులోనైనా మీ అయ్య గొంతుండనీ," అని కూడా అంది.

గణపతి చలపతికి అదే చెప్పాడు. చలపతి నవ్వాడు. గణపతి అతని నవ్వు ఆగేదాకా ఉండి, మళ్లీ అదే మాట చెప్పాడు.