బడి తెరిచే వార్త

ఉదయం ఏడున్నరకు లింగంపల్లి స్టేషన్‌లో బండి ఆగేది. గార్డు డబ్బాలోంచి చిన్న పత్రికల కట్ట ప్లాట్‌ఫారం మీద పడేది. స్టేషన్ ఎదుట హోటల్ నడిపే ఐలయ్య ఆ కట్ట తెచ్చి, తాడు విప్పి, ఒక పత్రికను బడిపంతులు సీతారామాంజనేయులు గారి ముందు పెట్టేవాడు. పక్కనే ఒక చాయ్.

పంతులుగారు కళ్లజోడు తుడుచుకునేలోగా బెంచీలు నిండేవి. తెల్లాపూర్ నుంచి సైకిళ్ల మీద పాలు తెచ్చేవాళ్లు, మియాపూర్ రైతులు, ఫ్యాక్టరీ బస్సు కోసం నిలబడ్డ కూలీలు. ఆయన చదివే పద్ధతి ఒకటే. ముందు రాష్ట్రం, తరువాత దేశం. పెద్ద వార్తను నాలుగు ముక్కల్లోకి కుదించి, కష్టమైన మాటకు సులువైన మాట చెప్పి, ఎవరి పక్షమూ పట్టకుండా చదివేవారు. ఎనిమిదేళ్లుగా ఆ ఊళ్లో పాఠం చెబుతున్నా, బడిలో పిల్లలు ఎన్నడూ అంత శ్రద్ధగా వినలేదు.

అది పంతొమ్మిది వందల అరవై తొమ్మిది. ప్రత్యేక రాష్ట్రం కోసం ఆందోళన జరుగుతున్న ఏడాది. వార్తలకు కొదవ లేదు. ఏ మంత్రి రాజీనామా ఇచ్చాడు, ఎవరు వెనక్కి తీసుకున్నారు, పట్నంలో ఎక్కడ కాల్పులు జరిగాయి, ఢిల్లీలో ఎవరు ఎవరిని కలిశారు. అన్ని చోట్లలాగే ఆ ఊరి బడికీ తాళం పడింది. తాళంచెవి పంతులుగారి చొక్కా జేబులో ఉండేది.

ఆయనది కృష్ణా జిల్లా. ఆ సంగతి ఊరికి తెలుసు. ఐలయ్య దాన్ని కూడా చాయ్‌లో కలిపేసేవాడు.

"ఏం సారూ, ఇయ్యాల గూడ మిమ్ముల పొమ్మని రాసిన్రా?"

"రాశారయ్యా. మూడో పేజీలో."

"పోతే పోదురు గని, చాయ్ తాగి పోండ్రి. మీరు పోతే మాకు పేపరెవలు సదువుతరు?"

బెంచీల మీద నవ్వులు లేచేవి. ఆయనా నవ్వేవారు. ఆ నవ్వులో కొంత భయం ఉండేది, కొంత గర్వం కూడా ఉండేది.

ఒక మధ్యాహ్నం ఆయన కిరాయి గదికి నాగేశ్వరి వచ్చింది. గచ్చిబౌలి దారిలోని బండల దగ్గర రాయి కొట్టే బాలనర్సయ్య పెద్ద కూతురు ఆ పిల్ల. ఏడో తరగతి. ఆ గుడిసెల్లోంచి అంతదాకా చదివిన పిల్ల మరొకరు లేరు. నోటుబుక్కు తెరిచి, భిన్నాల లెక్క సగంలో ఆగిన చోట వేలు పెట్టింది. తనకు ఇంతవరకే వచ్చిందని, రోజూ ఒక్క గంట చెబితే పరీక్షకు తయారవుతానని అడిగింది. బడి లేకుంటే అమ్మ బండల కాడికి రమ్మంటున్నదని కూడా చెప్పింది.

పంతులుగారు ఆ లెక్క చూశారు. చెప్పడానికి పది నిమిషాలు చాలు. కాని బంద్ నాడు ఆంధ్రా పంతులు పాఠం చెబుతున్నాడని ఎవరైనా అంటే? పైగా రేపటి పత్రికలో పెద్ద వార్త వస్తుందని ఊరంతా అనుకుంటోంది. నిన్నటి పత్రిక ఒకసారి తిరగేసుకోవాలి.

"బడి నేడో రేపో తెరుస్తారమ్మా. పేపర్లో వస్తుంది. రాగానే మొదట నీకే చెబుతాను" అన్నారు.

ఆ పిల్ల నోటుబుక్కు మూసుకుని వెళ్లిపోయింది. పాఠకులు ఆయనను చెడ్డవాడనుకోవద్దు. ఆయన ఆ మాట నమ్మే చెప్పారు. మరునాటి నుంచి రోజూ, రాష్ట్రం వార్తలు చదివేటప్పుడు, బడి తెరిచే వార్త కోసం వెతికేవారు కూడా. అది రాలేదు. రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. బ్యాంకులు ప్రభుత్వం చేతికి వచ్చాయి. ఢిల్లీలో ఒక పార్టీ రెండుగా చీలుతోందన్నారు. నాగేశ్వరి తల్లి వెంట బండల దగ్గరికి పోయి కంకర గంప ఎత్తసాగింది.

ఒక రోజు మందుపెట్టి బండ పేల్చినప్పుడు రాయి ఒకటి రావలసిన దానికన్నా దూరం వచ్చింది. గంప నెత్తిన పెట్టుకుని నడుస్తున్న పిల్లకు తగిలింది. లారీలో పట్నం దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే పోయింది. పనిచేయించే ఆసామి ఆ పొద్దు పని ఆపి, మరునాడు మళ్లీ మొదలుపెట్టాడు.

పిల్ల పోయిన అయిదో రోజు బాలనర్సయ్య ఐలయ్య హోటల్‌కు వచ్చి చివరి బెంచీ మీద కూర్చున్నాడు. అతడు ఎన్నడూ వార్తలు వినడానికి వచ్చినవాడు కాదు. ఎవరో జరిగి చోటిచ్చారు. పంతులుగారు రాష్ట్రం చదివారు, దేశం చదివారు, పత్రిక మడిచారు.

"అయిపోయిందా సారూ?" అని అడిగాడు బాలనర్సయ్య.

"అయిపోయింది."

"మా బిడ్డది రాలేదా?"

 బాలనర్సయ్య తనే వివరించాడు. పట్నంలో కాల్పుల్లో చచ్చిపోయిన చదువుకునే పిల్లల పేర్లు పత్రికలో వస్తున్నాయని, సారు చదువుతారని విన్నాడట. తన బిడ్డ కూడా చదువుకునే పిల్లే కదా, వస్తుందేమోనని వచ్చాడట. పంతులుగారు తల దించుకుని, ఇంకా రాలేదన్నారు.

అతడు మరునాడూ వచ్చాడు. ఆ మరునాడూ వచ్చాడు. రోజూ పనికి పోయేముందు చివరి బెంచీ మీద కూర్చుని, మంత్రుల పేర్లన్నీ ఓపికగా విని, పత్రిక మడవగానే లేచి పోయేవాడు. మళ్లీ అడగలేదు. ఆ చూపు ముందు పంతులుగారికి చదవడం కష్టమైపోయింది. పత్రిక వాళ్లకు ఒక ఉత్తరం రాశారు. జవాబు లేదు.

బాలనర్సయ్య రావడం మొదలైన తొమ్మిదో రోజు ఆయన దేశం వార్తలు అయ్యాక పత్రిక మడవలేదు. రెండో పేజీ తిప్పి, కళ్లజోడు సర్దుకుని చదివారు.

"లింగంపల్లి దగ్గర బండ పేలిన ప్రమాదంలో నాగేశ్వరి అనే ఏడో తరగతి విద్యార్థిని మరణించింది. ఆమె తెలివైన పిల్ల అని ఉపాధ్యాయులు చెప్పారు."

ఐలయ్య ఆయన భుజం మీదుగా పేజీలోకి చూశాడు. అతనికి కూడబలుక్కుని చదవడం వచ్చు. ఆయన వేలు పెట్టిన చోట ఇద్దరు మంత్రుల తగాదా ఉంది. ఐలయ్య మెల్లగా పొయ్యి దగ్గరికి వెళ్లి చాయ్ కలపసాగాడు.

బాలనర్సయ్య లేచి దగ్గరికి వచ్చాడు. "ఏడో తరగతని రాసిన్రా సారూ?"

"రాశారు."

"పరీచ్చ రాయలే గద. అయినా గట్లనే రాసిన్రా?"

"అలాగే రాశారు."

"ఆ ముక్క నాకిస్తరా?"

ఐలయ్య బ్లేడు తెచ్చాడు. ఆ ఇద్దరు మంత్రుల తగాదాను పంతులుగారే అంచు చెడకుండా కోసి ఇచ్చారు. మరునాటి నుంచి చివరి బెంచీ ఖాళీగా ఉంది.

బడి తెరిచే వార్త చివరికి వచ్చింది. అయిదో పేజీ అడుగున నాలుగు పంక్తులు. పంతులుగారు జేబులోంచి తాళంచెవి తీసి బడి తెరిచారు. హాజరుపట్టీలో ఒక పేరు దగ్గర ఆగి, దాటి, మిగిలిన పేర్లు పిలిచారు. సగం మంది రాలేదు. నాగేశ్వరి చెల్లెలు భూలక్ష్మి, ఒకటో తరగతి, ఆమె కూడా రాలేదు. సాయంత్రం ఆయన బండల వైపు నడిచారు.

గుడిసె ముందు భూలక్ష్మి చిన్న సుత్తితో కంకర కొడుతోంది. ఆ పిల్ల పక్కన ఉన్నది అక్క గంప. లోపల దేవుడి పటం పక్కన, గంజితో అంటించిన పత్రిక ముక్క ఉంది. దానికి కుంకుమ పెట్టారు. తల్లి నీలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆయనకు పీట వేసింది.

"మంచిగ వచ్చిన్రు సారూ. జర అది సదువుండ్రి. మా ఇంట్ల సదువొచ్చింది అదొక్కతే. అది పోయినంక సదివెటోళ్లు లేరు."

పంతులుగారు గోడ ముందు నిలబడ్డారు. కళ్లముందు మంత్రుల తగాదా ఉంది. ఆయన చదివారు. బండ పేలిన ప్రమాదంలో నాగేశ్వరి అనే ఏడో తరగతి విద్యార్థిని మరణించింది.

"తెలివైన పిల్ల అని ఉన్నదట. మా ఆయిన రోజూ చెప్తడు. అది ఇడిసిపెట్టిన్రు" అన్నది నీలమ్మ.

ఆయన ఆ మాట కూడా చదివారు. తరువాత, బడి తెరిచారని, భూలక్ష్మిని పంపమని అడిగారు. పేపర్లో కూడా వచ్చిందని చెప్పారు.

నీలమ్మ కోపం తెచ్చుకోలేదు. చాలా రోజులుగా అడగాలనుకున్న మాటలాగ నెమ్మదిగా అడిగింది.

"బడి బందని పేపర్ల రాసిన్రు సారూ, ఇన్నం. మీరు బందయిన్రని ఎవలు రాసిన్రు? పొద్దుగాల గంటసేపు హోటల్ల సదువుతిరి గద. గా గంట నా బిడ్డకు చెప్పకపోతిరి. ఇగ దీన్నేం పంపుదు. మళ్ల పేపర్ల బందని రాస్తే, మళ్ల ఈడికే వస్తది."

ఆయన గుడిసె బయటికి వచ్చారు. భూలక్ష్మి సుత్తి ఆపి ఒకసారి చూసి, మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు రోడ్డు మలుపు దాకా ఆయన వెంట వచ్చింది.

ఆ తరువాత ఆయన ఐలయ్య హోటల్‌లో పత్రిక చదవలేదు. చదవడానికి వేరొకరు దొరికారు. బెంచీలు ఎప్పటిలాగే నిండాయి. రోజూ ఏడున్నరకు ఆయన బండల దగ్గరికి నడిచి వెళ్లి, గుడిసె ముందు ఒక గంట కూర్చుని వచ్చేవారు. నీలమ్మ పీట వేసేది. భూలక్ష్మికి ఆ గంటలో కొట్టవలసిన కంకర ఉండేది. ఆ పిల్ల కోసం తెచ్చిన పలక ఆయన ఒళ్లోనే ఉండిపోయేది.

రాష్ట్రంలో ఏం జరుగుతోందో, దేశంలో ఏం జరుగుతోందో తెలుసుకోవడం తప్పు కాదు. కాని బడి మూతపడిందన్న వార్తను ఊరికి చదివి వినిపించిన పంతులు, ఆ పూట ఒక్క పిల్లకు ఒక్క లెక్క చెప్పి ఉంటే, ఆ వార్త ఆ మేరకు అబద్ధమయ్యేది.