చెంచాడు ఆముదం

నేను ఒక సైకిల్ పంపును. ఏళ్ళుగా ఒక అనుమానం నన్ను వదలడం లేదు. ఇరవై ఒక్క రోజుల పందెంలో ఇరవై రోజులు ఊరికే మోయించుకుని, పనిపడిన ఆ ఒక్కరోజూ మొరాయించిన నేను, పందెంలో ఉన్నట్టా, లేనట్టా? దేవుడి ఊరేగింపులో పల్లకీ కర్రకూ పుణ్యం దక్కుతుందంటారు. కానీ కర్ర మోస్తుంది, నేను మోయించుకున్నాను.

మద్రాసులో ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. ఇత్తడి గొట్టం, చెక్క పిడి, లోపల తోలు బిళ్ళ. ఆ తోలు మెత్తగా ఉన్నంతకాలమే నాకు ఊపిరి. విజయనగరం కాంపౌండరుగారు నన్ను కొంటే, ఆయన భార్య నాతో పొయ్యి రాజేసింది. ఊదుగొట్టం కంటే నేనే నయమని ఇరుగుపొరుగుకు చెప్పేది. ఆ పొగడ్తకు పొంగిపోయి, సెగకు నా తోలు ఎండిపోతోందని గమనించుకోలేదు.

1959లో మూడు వారాల సైకిల్ పందెం ప్రకటించారు. ఇచ్ఛాపురం నుంచి హైదరాబాదు దాకా ఇరవై ఒక్క మజిలీలు. కాంపౌండరుగారి బావమరిది పైడయ్య, పోస్ట్‌మ్యాన్, పేరిచ్చాడు. మూడో మజిలీలోనే రైలెక్కి వచ్చేస్తాడని ఆఫీసులో తేల్చేశారు. అతనికి గెలుపు మీద ఆశ లేదు. చివరిదాకా సైకిలు మీదే చేరాలి, అంతే. అక్క నాకు కుంకుమ బొట్టు పెట్టి అతని చేతికిచ్చింది.

నియమాలు రెండు. సాయంత్రం ఐదుకల్లా మజిలీ చేరకపోతే పందెంలోంచి తీసేస్తారు. గాలి సొంత పంపుతోనే కొట్టుకోవాలి.

పైడయ్య రోజూ చివరివాడే. గోదావరిని అందరం ఒకే లాంచీలో దాటాం. మొదటివాడితో సమానంగా ఉన్నది ఆ అరగంటే. కృష్ణ దాటి, నెల్లూరు ఎండలో మాడి, సీమకు చేరాం.

పద్నాలుగో మజిలీ ప్రొద్దుటూరు నుంచి నంద్యాలకు. దారి చీలిన చోట ఎడమకు తిరగాల్సినవాడు కుడికి తిరిగాడు. పందెంవాళ్ళంతా ఎడమకు పోవడం చూసిన అక్కడి అరుగు మీది పెద్దమనుషులు ఇదీ చూశారు. వెళ్ళేవాణ్ణి ఎక్కడికని అడిగితే పని చెడుతుందని మన నమ్మకం. అందుకని “దూరమా అబ్బా?” అన్నారు. దూరమేనన్నాడు. ఆ మర్యాదకు ఎనిమిది మైళ్ళు తప్పాం. శకునం కాపాడడానికి మనిషిని దారి తప్పనివ్వడం దేవుడికి సమ్మతమేనా అని నాకిప్పటికీ సందేహమే.

ఎర్రగుడిపల్లెలో తుమ్మముల్లు దిగింది. నంద్యాల ఇంకా ఇరవై మైళ్ళు, రెండున్నర అయింది. పైడయ్య ట్యూబుకు అతుకు వేసి నన్ను బిగించాడు. నొక్కితే గాలి టైరులోకి పోకుండా పిడి వైపు నుంచి తిరిగొచ్చింది. నాలుగుసార్లు నొక్కాడు. నాలుగుసార్లూ ఉస్సుమన్నాను.

వాకిట్లో ఆముదపు కాయలు ఎండబెడుతున్న ఓబుళమ్మ నవ్వింది. “నీ పంపుకు ఉబ్బసమున్నట్టుందే నాయనా.”

పైడయ్య సంగతి చెప్పాడు. ఆమె నవ్వు ఆగింది. “యాడికని అడగగూడదని నోరు మూసుకున్యారా? ఆ అరుగు మీద మా మామ గూడా ఉంటాడులే.”

అతను పిడి ఊడదీశాడు. లోపల తోలు అప్పడంలా ఉంది. “కూసింత నూనుంటే ఇత్తావేటమ్మా?”

ప్రయాణంలో ఉన్నవాడికి నూనె ఎదురు తేవచ్చా అని ఆమె కాసేపు తటపటాయించింది. చివరికి చెంచాడు ఆముదం తెచ్చింది. చేతికివ్వకుండా రాతి మీద పెట్టింది. “నూనె ఊరికే ఇయ్యగూడదు. చేబదులనుకో. మల్లా ఈ పక్కకొస్తే తిరిగియ్యి.”

తోలు తాగింది. నాకు ఊపిరి నిలిచింది, టైరు లేచింది. ఆమె చెప్పిన చెరువుకట్ట మీదుగా అడ్డంపడి తొక్కాడు. నంద్యాలలో నిర్వాహకులు బల్ల మీది గుడ్డ మడుస్తుండగా చేరాం. ఐదుకు మూడు నిమిషాలు.

వారం తర్వాత హైదరాబాదు చేరిన ముప్పై ఒక్కమందిలో పైడయ్య ముప్పై ఒకటోవాడు. గెలిచినవాడికి దండలు, మాకు ఒక బత్తాయి. అయినా రైలెక్కలేదు.

తర్వాత ఇరవై ఏడేళ్ళు మేకుకు వేలాడాను. రిటైరయ్యాక పైడయ్య అహోబిలం యాత్రకు సంచి సర్దుతూ నన్ను తీస్తే, చేతికి ఆముదం వాసన తగిలింది. అహోబిలంలో దర్శనం కాగానే, ఒక సీసా ఆముదం కొని, నన్నూ పట్టుకుని ఎర్రగుడిపల్లె వెళ్ళాడు.

ఓబుళమ్మకు జుట్టు నెరిసింది. అతన్ని గుర్తుపట్టలేదు, నన్ను చూశాక గుర్తుపట్టింది. పైడయ్య నిండు సీసా రాతి మీద పెట్టి, ఆలస్యమైందన్నాడు.

ఆమె లోపలికి వెళ్ళి చెంచా, గిన్నె తెచ్చింది. ఒక్క చెంచాడు కొలిచి గిన్నెలో పోసుకుని, సీసాకు మూత బిగించి అతని వైపు జరిపింది.

“నేనిచ్చింది ఇంతే. మిగతాది గూడా పెట్టుకుంటే, ఇంక నేను నీ ఊరు రావాల్సొస్తాది.”