కొత్తపేట క్లబ్బులో అల్లుడి హోదా

పందొమ్మిది వందల యాభై రెండులో నేను రాజోలు ఫుట్‌బాల్ జట్టు వదిలి కొత్తపేట క్లబ్బులో చేరేను. గోల్స్ కొడతానని నన్ను ఏరికోరి తెచ్చుకున్నారు. కొట్టనిస్తే కదా!

పొరుగూరి నుంచి వచ్చి తమ ఊళ్ళో మకాం పెట్టిన మగాడు ఎవడైనా సరే, కొత్తపేటవాళ్ళకి అల్లుడే. నేను పరుగందుకుంటే చాలు, కెప్టెన్ భీమరాజు గారు "అయ్యో, తమరు పరిగెత్తడం ఏంటండీ!" అని అడ్డం పడిపోయేవారు. సగం ఆటయ్యాక అందరికీ నిమ్మకాయ బద్దలిచ్చి, నాకు మాత్రం పళ్ళెం నిండా పూతరేకులు పెట్టేవారు. అవన్నీ తిన్నాక ఇంకేం గోల్ కొడతాను, నా బొంద!

ఇంతలో నా పాత జట్టు రాజోలుతోనే పోటీ వచ్చింది. రాజోలువాళ్ళు బంతి తోసుకుంటూ వస్తుంటే మా గోల్‌కీపరు అంజిబాబు చేతులు కట్టుకుని పక్కకి తప్పుకున్నాడు.

"ఆపవయ్యా!" అని అరిచేను.

"వియ్యాలవారండీ. గుమ్మంలో అడ్డంగా నిలబడితే ఏం బాగుంటుందండీ?" అన్నాడు.

ఐదు గోల్స్ అలాగే లోపలికి వెళ్ళేయి. ఒళ్ళు మండిపోయి మైదానం మధ్యలో చతికిలబడ్డాను. ఇక ఆడనన్నాను.

భీమరాజు గారి మొహం వెలిగిపోయింది. "అల్లుడుగారు అలిగేరండోయ్! ఇన్నాళ్ళకి మనలో కలిసేరు!" అంటూ వచ్చి నా పక్కన కూర్చున్నారు. "ఏం కావాలో సెలవివ్వండి బాబూ."

"గెలవాలి!" అన్నాను పళ్ళు నూరుతూ.

ఆయన నొచ్చుకున్నారు. "అది ఇందాకే మీవాళ్ళకి ఇచ్చేసేం కదండీ. పోనీ, ఓ సైకిలు కోరుకోండి."