ఐదు బొగ్గు గీతలు

“ఇవాళ బూజు దులపకు,” అన్నాడు భర్త.

ఆమె స్టూలెక్కి, చీపురు పైకెత్తి, అలాగే ఉండిపోయింది. ఈ ఇంట్లో అడుగుపెట్టిన పదకొండేళ్లలో ఆ మాట వినడం ఇదే మొదలు. బూజు దులపలేదని అత్తగారు ఆమెను చుట్టాల ముందు, ఇరుగుపొరుగు ముందు, ఆఖరికి పాలుపోసే మనిషి ముందు కూడా కడిగేసిన రోజులున్నాయి. కోడలికి ఆవిడ పెట్టిన పేరే బూజమ్మ. పెరటి చూరు కింద గూడు కట్టే పెద్ద సాలెపురుగును కోడలు చంపనివ్వదు మరి. అది రోజూ పొద్దుగూకే వేళకి పాత గూడు తినేసి కొత్తది అల్లుతుందనీ, పెద్ద గాలి లేచిన రోజుల్లో అసలు అల్లకుండా చూరును కరుచుకుని ముడుచుకుంటుందనీ పాత క్యాలెండరు కాగితాల వెనక తేదీ వేసి మరీ రాసుకుంటుంది. “పిల్లాజెల్లా లేకపోతేనేం, మా బూజమ్మ పురుగులకి పురుళ్లు పోస్తుంది,” అని అత్తగారు నలుగురిలో నవ్వేది. ఆమె కూడా నవ్వుతున్నట్టే ముఖం పెట్టేది. ఆ ముఖం పెట్టీ పెట్టీ దవడలు నొప్పెట్టిన రోజులు కూడా ఉన్నాయి.

ఇంటి వెనక కొండవాలు. వాలు కింద దిగువ వీధి. భర్త నీటి ఆఫీసులో గుమాస్తా. వాన ఎంత పడిందో కొలిచే ఆఫీసువారి డబ్బా, దాని మీద గరాటు, వీళ్ల పెరట్లోనే ఉన్నాయి. కొలతల పుస్తకంలో కొలిచేవారి పేరు దగ్గర ఉన్నది ఆయన పేరు, సంతకం ఆయనది. పొద్దున ఎనిమిదింటికి తడుస్తూ వెళ్లి కొలిచేది మాత్రం ఆమె. డబ్బాలో నీళ్లు సన్నటి కొలగ్లాసులోకి వంచాలి. గ్లాసుకి ఇరవై మిల్లీమీటర్లే పడతాయి. ఎక్కువ పడిన రోజున నింపి, పారబోసి, మళ్లీ నింపాలి. లెక్క తప్పకుండా, నిండిన ప్రతి గ్లాసుకీ చూరు కింద గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేది. పని అయ్యాక తుడిచేసేది. “ఎంత?” అని ఆయన మంచం మీంచి కేకేసేవాడు. ఆమె చెప్పేది. ఆయన ఆఫీసుకి ఫోన్ చేసేవాడు. నూరు దాటితే దిగువ వీధి ఖాళీ చేయించాలి. కొలతలు తప్పకుండా పంపుతున్నాడని ఆయనకి ఒకసారి ప్రశంసాపత్రం ఇచ్చారు. పటం కట్టి హాల్లో పెట్టుకున్నారు. దాని మీద దుమ్ము తుడిచేదీ ఆమే.

తొమ్మిది రోజుల కిందట, మూడు రోజులు ఎడతెగని గాలివాన తర్వాత, తెల్లారి పెరటి గోడ చూసి ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. గోడ నిండా నేల సాలెపురుగులు. వాలు మట్టిలో బొరియలు తవ్వుకుని, మూతలు పెట్టుకుని బతికేవి అవి. ఎంత వానొచ్చినా మూత బిగించుకుని లోపలే ఉంటాయి. ఏళ్ల తరబడి చూసింది కాబట్టి ఆమెకు తెలుసు. అలాంటివి ఇల్లు వదిలి వచ్చాయంటే లోపల్నుంచి నీళ్లు ఊరుతున్నట్టే.

ఆ మాటే భర్తతో చెప్పింది.

“పురుగులు చెప్పాయని వీధి ఖాళీ చేయించమంటావా? ఆఫీసులో నన్ను పిచ్చాసుపత్రికి పంపుతారు.”

ఆమె వాదించలేదు. నూరు దాటడం ఖాయం, ఆ సంగతేదో గ్లాసే చెబుతుంది కదా అనుకుంది.

ఎనిమిదింటి కొలతలో ఐదో గ్లాసు పారబోసి ఐదో గీత గీస్తుండగా లోపల్నుంచి అత్తగారి కేక. “కాళ్లు లాగేస్తున్నాయి, వేణ్ణీళ్లు తెమ్మంటే ఎక్కడ చచ్చింది ఈ బూజమ్మ?” భర్త గొడుగేసుకుని బయటికొచ్చాడు. ఎన్నడూ లేనిది, “నువ్వెళ్లు, మిగతాది నేను చూస్తాలే,” అని చెయ్యి చాపాడు.

“ఐదయ్యాయి. గోడ మీద గీశాను,” అంటూ గ్లాసు అందించింది.

“సర్లే, ముందు అమ్మ గోల ఆపు.”

డబ్బాలో మిగిలిన నీళ్లు ముప్పై ఎనిమిది. గోడ మీది వంద కలపకుండా ఆయన ఆఫీసుకి చెప్పిందీ ముప్పై ఎనిమిదే. ఆమె అత్తగారి కాళ్లు ఒత్తుతూ “ఫోన్ చేశారా?” అని అడిగింది. “చేశా,” అన్నాడు. దిగువ వీధిలో మూటలు సర్దుకుంటూ ఉంటారనుకుని ఆమె కుదుటపడింది.

మధ్యాహ్నం రెండింటికి వాలు జారిపోయింది. పద్నాలుగు మంది పోయారు. అందులో బట్టలు కుట్టే ఆవిడ ఒకతె. ఒకసారి గుడ్లసంచి మోస్తున్న సాలెపురుగుని బొత్తాల డబ్బాలో పట్టి, మూతకి సూదితో గాలి చిల్లులు పొడిచి, “అక్కా, నీ చుట్టాన్ని తెచ్చా,” అంటూ తెచ్చిచ్చింది. ఆ పురుగుల మాట నవ్వకుండా విన్న మనిషి ఈ లోకంలో ఆవిడొక్కతే. మొదటి రోజు మట్టిలో ఆవిడ కుట్టుమిషను దొరికింది. ఆవిడ మూడో రోజు దొరికింది.

“గరాటులో సాలెగూడు అడ్డం పడిందని చెబుదాం,” అన్నాడు భర్త, ఇవాళ ఆమె ఎక్కిన స్టూలు దగ్గరికొచ్చి. విచారణ కబురొచ్చిన ఈ రెండు రోజులుగా ఆయన సరిగా తినలేదు. “నీళ్లు లోపలికి దిగక బయటికి పొర్లిపోయాయి, అందుకే తక్కువ చూపించింది. ఎవరి తప్పూ కాదు. కాస్త బూజు తీసి గరాటులో పెట్టు. ఆ గీతలు కడిగెయ్. ఆఫీసరు పదింటికల్లా వస్తాడు.”

“ఐదయ్యాయని చెప్పాను కదండీ.”

“ఆ హోరులో ఏం వినపడుతుంది? నేను కావాలని చేశానా? నా ఉద్యోగం పోతే ముగ్గురం రోడ్డున పడతాం.”

“మొగుడికంటే పురుగులెక్కువా దీనికి?” అంది అత్తగారు గుమ్మంలోంచి. “నీ పిచ్చి ఊరందరికీ తెలిసిందే. నువ్వు చెబితే నమ్ముతారు.”

నమ్ముతారు. బకెట్టూ గుడ్డా పట్టుకుని పెరట్లోకి నడుస్తూ ఆమె ఆ మాట దగ్గరే ఆగిపోయింది. పురుగులు నిజం చెప్పిన రోజున ఆమెను ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు పురుగుల మీద అబద్ధం చెబితే ఊరంతా నమ్ముతుందట! ఆయనంటే జాలి లేకపోలేదు. కావాలని చేయలేదని ఆమెకీ తెలుసు. గోడ వైపు ఒక్కసారి తల తిప్పితే సరిపోయేది, తిప్పలేదు, అంతే. పదకొండేళ్లుగా ఆమె చెప్పిన ఏ మాటకి తల తిప్పాడు గనక? ఆయన మీదకంటే తనమీద తనకే కోపం ఎక్కువగా ఉంది. ఎవరివో కాళ్లు లాగుతున్నాయంటే సగం కొలత వదిలేసి పరిగెత్తింది తను. ఆ ముసలి పాదాలు ఒత్తుతున్న సమయానికి, దిగువ వీధిలో ఒక మనిషి తలొంచుకుని ఎవరి చొక్కాకో కాజాలు కుడుతూ ఉండి ఉంటుంది. గుడ్డ నీళ్లలో ముంచింది. పిండింది. గోడ మీద ఐదు గీతలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. చూరు కింద కాబట్టి చినుకు తగల్లేదు. ఆ రోజు తుడవడం కూడా మరిచిపోయింది.

ఆఫీసరు వానకోటు విప్పకుండానే పెరట్లోకొచ్చాడు. భర్త చెప్పాల్సిందంతా చెప్పాడు. “మా ఆవిడకి పురుగులంటే పిచ్చి సార్. ఒక్క గూడూ తియ్యనివ్వదు.”

ఆఫీసరు గరాటులోకి తొంగిచూశాడు. రేకు తళతళలాడుతోంది. “ఇందులో ఏం లేదే. ఏమ్మా, నువ్వు తీసేశావా?”

భర్త ఆమెకేసి చూశాడు. ఆ చూపులో పదకొండేళ్లలో ఎన్నడూ లేని బతిమాలుకోవడం ఉంది. లోపల్నుంచి అత్తగారు వేణ్ణీళ్ల కోసం కేకేసింది. మళ్లీ కేకేసింది. ఆమె కదల్లేదు.

“తీయడానికి గూడు ఉంటేగా సార్. ఆ మూడు రోజులూ గాలికి చూరు కింది సాలెపురుగు గూడే కట్టలేదు. తేదీలతో రాసిపెట్టాను, ఇస్తాను.” “ఆ గోడ మీద ఐదు గీతలు చూడండి. గీతకి ఇరవై. ఆ ఐదు గ్లాసులూ పారబోసి, కొలత మధ్యలో వదిలి వెళ్లింది నేనే. అది కూడా రాసుకోండి.”

ఆఫీసరు గీతలు చూశాడు, తన చేతిలోని కొలతల కాగితం చూశాడు, భర్తను చూశాడు. “కొలిచేది ఈయన కదా?”

“ఆ ముప్పై ఎనిమిది ఒక్కటే ఆయన కొలిచింది సార్,” అంది ఆమె. “మిగతా వందా, మిగతా పదకొండేళ్లూ నేను కొలిచాను.”