వీధి తుపాకి

ఈజెల్ చేతులు పట్టపగలే విరగ్గొట్టారు. చీకటి మాటున కాదు, ముసుగులేసుకుని కాదు. శనివారం మధ్యాహ్నం, ఆడవాళ్ళంతా బట్టలారేస్తున్న వేళ ట్రక్కు వచ్చి ఆగింది. నలుగురు తెల్లవాళ్ళు దిగారు. వరండాలో కూర్చున్న మనిషిని ఈడ్చుకొచ్చి, ట్రక్కు తలుపు సందులో అతని చేతులు పెట్టించి, తలుపు వేశారు. తెరిచారు. మళ్ళీ వేశారు. కలప మిల్లులో ఏళ్ళ తరబడి రంపం పట్టిన చేతులవి. సమ్మె చేద్దామంటే అందరికంటే ముందు పైకి లేచిన చేతులు కూడా అవే.

వీధి మొదట్లో పోలీసు పెద్ద షెరీఫ్ తన కారుకి ఆనుకుని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకు తింటున్నాడు. తొక్కలు జేబులో వేసుకుంటున్నాడు, వీధి పాడైపోతుందని కాబోలు! ట్రక్కు నడిపేది అతని సొంత తమ్ముడే. అమెరికాలో, లూసియానా రాష్ట్రంలో ఆ ఊరికి చట్టమంటే ఆ అన్నదమ్ములిద్దరే.

తడి దుప్పటి చేతిలో పట్టుకుని ఒడెస్సా అంతా చూసింది.

"ఏయ్ పిల్లా, ఏం చూశావ్?" అని అడిగాడు షెరీఫ్, పోతూ పోతూ. ఒడెస్సాకి నలభై దాటాయి. తెల్లవాళ్ళకి నల్లమనిషి ముసలిదైనా పిల్లే, తాతైనా కుర్రోడే.

"ఏం చూళ్ళేదండి" అంది ఒడెస్సా. ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు ప్రార్థన అయ్యాక చర్చి వెనక గదిలో మీటింగు పెట్టారు. ఒకడు అమ్మమ్మ దాచిన పిస్టల్ తెచ్చాడు, ఒకడు తుప్పు పట్టిన వేట తుపాకి తెచ్చాడు. ఒడెస్సా మొగుడు లూషస్ మాత్రం కొరియా యుద్ధం నుంచి వచ్చాక కొనుక్కున్న రైఫిల్‌ని దుప్పట్లో చుట్టి, పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చాడు.

"సిలువ కింద తుపాకులేంటి బ్రదర్స్?" అని పాస్టర్ గారు లబలబలాడారు.

"సిలువెక్కడం ఒక్కసారికే అన్నారుగా పాస్టర్ గారూ! వాళ్ళు వారం వారం ఎక్కిస్తున్నారు మమ్మల్ని" అన్నాడు ఎదురింటి హోసియా. గది గొల్లుమంది. నవ్వు ఆగాక మాత్రం ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

లూషస్ రైఫిల్ పైకెత్తాడు. "ఇదీ ఆయుధమంటే! వాడి దగ్గర ఏముందో మన దగ్గరా అదే ఉండాలి. ట్రక్కు ఇనుముని కూడా చీల్చుకుపోద్ది. పిస్టళ్ళూ పిట్టల తుపాకులూ పిల్లలాట."

"ట్రక్కుని చీల్చింది ఎదురింటి చెక్కని వదుల్తదా?" అంది ఒడెస్సా, వెనక బెంచీలోంచి.

మగాళ్ళంతా తిరిగి చూశారు.

"నేను చెప్పేది వినండి. ఇవి కంపెనీవాడు కట్టిచ్చిన కొంపలు. మిల్లులో పారేసే చెక్క. జెనోబియా వాళ్ళింట్లో తుమ్మితే, అవతలింట్లో 'చల్లగా ఉండు' అంటారు. తుమ్మునే ఆపలేని గోడ తూటాని ఆపుతుందా? షాట్‌గన్ కొందాం. పిట్టల్ని కొట్టే సన్న గుళ్ళు వేద్దాం. గుమ్మంలోకొచ్చినోడికి అది చాలు."

"సన్న గుళ్ళంట! వాళ్ళు మనల్ని కాకుల్ని కాల్చినట్టు కాలుస్తుంటే, మనం వాళ్ళకి గిలిగింతలు పెడదామంటావ్" అన్నాడు లూషస్. మగాళ్ళు మళ్ళీ నవ్వారు.

హోసియా భార్య జెనోబియా లేచి నిలబడింది. "నవ్వండయ్యా, బాగా నవ్వండి. పగలంతా మీరు సమ్మెకని మిల్లు గేటు దగ్గర ఉంటారు. ఇళ్ళ దగ్గరుండేది మేం. కాల్చాల్సింది మేం. ఏ తుపాకి కావాలో మమ్మల్నొక్కరన్నా అడిగారా?"

అడగలేదు. అది నిజం. కానీ నిజానిక్కూడా ఓట్లు పడాలిగా! చివరికి అందరికీ నచ్చే తీర్మానమే చేశారు: ఎవరింటికి వాళ్ళే రాజు, ఎవరికి నచ్చిన తుపాకి వాళ్ళు పెట్టుకోవచ్చు. కంపెనీని కలిసి ఎదిరించాలని నేర్చుకున్న మనుషులే, కొంప కాపాడుకునే దగ్గరికొచ్చేసరికి మళ్ళీ ఎవరికి వాళ్ళైపోయారు. ఆ తప్పుకి వీధి చెల్లించిన మూల్యం వినండి.

గురువారం పొద్దుగూకే వేళ ట్రక్కు మళ్ళీ వచ్చింది. అందులోంచి పేల్చిన గుండుకి ఒడెస్సా ఇంటి కిటికీ భళ్ళున పగిలింది. లూషస్ అన్నం ముందు నుంచి లేచి రైఫిల్ అందుకుని వరండాలోకి ఉరికాడు.

"లూషస్, అటు వద్దు! ఎదురిల్లు!" అని ఒడెస్సా అరిచింది.

అతను కాల్చాడు. ట్రక్కు అద్దం పగిలింది. బండి దుమ్ము లేపుకుంటూ పరారైంది. వీధంతా కేకలు, ఈలలు! పుట్టి బుద్ధెరిగాక ఆ వీధిలో వాళ్ళెవరూ పారిపోయే తెల్లవాడి వీపు చూడలేదు. లూషస్ నవ్వుతూ పెళ్ళాం వైపు తిరిగాడు.

అప్పుడు ఎదురింట్లోంచి హోసియా అరుపు వినిపించింది.

జెనోబియా పొయ్యి ముందు పడి ఉంది. మొక్కజొన్న రొట్టె పెనంలో మాడుతోంది. తూటా ట్రక్కు పక్క అద్దాలు రెండూ దాటి, చెక్క గోడ దాటి, ఆమె మెడలోంచి దూసుకుపోయి, వెనక గోడ కూడా దాటి ఎటో పోయింది. ఒడెస్సా ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. మాట్లాడు తల్లీ, ఒక్క మాట మాట్లాడు అని బతిమాలింది.

శవం చల్లారకముందే షెరీఫ్ వచ్చాడు. గోడకున్న చిల్లులో వేలు పెట్టి చూసుకున్నాడు. పెళ్ళికొచ్చినవాడిలా ఉంది అతని మొహం.

"ఒరే హోసియా, నీ పెళ్ళాన్ని చంపింది మీవాడే. మావాళ్ళు ఒక్క గుండైనా ఈ కొంప మీద పేల్చలేదు. ఊఁ అను చాలు. శవపెట్టె కంపెనీ కొనిపెడుతుంది. సమ్మె మానేస్తే రేపే నీకు పని."

ఒడెస్సా మొగుడి ప్రాణం హోసియా నోట్లో ఉంది. ఒక్క మొగుడి ప్రాణమేనా? హోసియా ఊఁ అంటే వీధి రెండవుతుంది, సమ్మె ఆ రాత్రికే సమాధి.

లూషస్ ముందుకొచ్చాడు. "నా తూటానే" అన్నాడు.

హోసియా అతని మొహం మీద ఒక్క గుద్దు గుద్దాడు. లూషస్ నోరంతా రక్తమైంది, చెయ్యెత్తలేదు. హోసియా షెరీఫ్ వైపు తిరిగాడు.

"వీడి సంగతి నేను చూసుకుంటా. బతికినంత కాలం చూసుకుంటా. కానీ వీణ్ణి నీకివ్వను. వీధిలోకి చావుని తోలుకొచ్చింది నీ తమ్ముడి ట్రక్కు. పోయి వాణ్ణి పట్టుకో, దమ్ముంటే!"

షెరీఫ్‌కి ఎవరి ఊఁ అవసరం? లూషస్‌ని ఎత్తుకుపోయాడు. మర్నాడు జైలు వెనక తలుపు దగ్గర ఒడెస్సాకి శవాన్ని అప్పగించారు. బెల్టుతో ఉరేసుకున్నాడట! ఆ మనిషి జన్మలో బెల్టు పెట్టుకోలేదు, వేసేవి భుజాల మీద పట్టీలుండే మిల్లు ప్యాంట్లే. శవానికి గోళ్ళు లేవు.

రెండు పెట్టెలూ చర్చిలో పక్కపక్కన పెట్టారు. పాట అయ్యాక ఒడెస్సా లేచింది. ఏడవడానికి ఆమెకి తీరిక లేదు.

"నా మొగుడు మంచోడు. మొండోడు. నేను చెబితే నవ్వాడు, మీరూ నవ్వారు. పిరికితనం వల్ల కాదు జెనోబియా పోయింది, ఎవరింటికి వాళ్ళే రాజులవడం వల్ల పోయింది. ఇక రాజులొద్దు. రైఫిళ్ళన్నీ అమ్మేయండి. షాట్‌గన్లు కొందాం, వీధి పేరు మీద. ఎక్కడ నిలబడాలో, ఎటు కాల్చకూడదో అందరం కలిసి తేల్చుకుందాం. ఆడవాళ్ళం ముందు."

ఈసారి నవ్వినవాడు లేడు. పాస్టర్ గారే మొదట చెయ్యెత్తారు.

ఆ నెలంతా ఆడవాళ్ళు ఊరవతల నరికేసిన పైన్ చెట్ల మోళ్ళ మధ్య కాల్చడం నేర్చుకున్నారు. భుజాలు కమిలిపోయి, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ నేర్చుకున్నారు. మగాళ్ళు గేటు దగ్గర సమ్మె నిలబెట్టారు.

నెల తిరిగాక ట్రక్కు వచ్చింది. వెనకే షెరీఫ్ కారు. వీధి మొదట్లోనే ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా నిలబడి ఉన్నారు, తుపాకులు ఊరి బయటికి చూపిస్తూ. వాటి ఎదుట ఇల్లన్నది లేదు, రోడ్డూ ట్రక్కూ తప్ప. షెరీఫ్ తమ్ముడు స్టీరింగ్ వదల్లేదు, దిగనూ లేదు.

షెరీఫ్ దిగాడు. "ఏయ్ పిల్లా! ఆ తుపాకి ఎవరిది?"

"వీధిది" అంది ఒడెస్సా. అండి అనలేదు.

"లోపలేస్తా."

"వెయ్యి." ఆమె తుపాకిని ఈజెల్ భార్య వెర్నా చేతికిచ్చి, తనంతట తనే వచ్చి కారెక్కింది. వెర్నా ఆ చోటులో నిలబడింది. ఈజెల్ వంకరపోయిన చేతులతో తూటాల సంచీ తగిలించుకుని భార్య పక్కకొచ్చాడు. వెనకున్న కారు దారివ్వగానే, తిప్పుకునే చోటు లేక ట్రక్కు వచ్చిన దారినే వెనక్కి వెనక్కి పోయింది.

కారు కదిలాక షెరీఫ్ నవ్వాడు. "నీ మొగుణ్ణి పెట్టిన గదిలోనే పెడతా నిన్ను. పొద్దుటికి నువ్వూ ఉరేసుకుంటావ్."

ఆమెకి భయం వేసింది. వెయ్యకేం? చేతులు ఒళ్ళో గట్టిగా పట్టుకుంది.

"నేను బతికున్నానో లేదో చూసుకోడానికి మావాళ్ళు వస్తారు. వెనక అద్దంలో చూడు షెరీఫ్. బయల్దేరారు."

షెరీఫ్ చూశాడు. మిల్లు గేటు నుంచి మగాళ్ళు, వీధి నుంచి ఆడవాళ్ళు, అందరికంటే ముందు హోసియా, రోడ్డంతా నిండి నడుచుకుంటూ వస్తున్నారు.